తాతయ్య గంప కింద దాచిన అడుగులు

నా చిన్నప్పుడు కంటికి కనబడిన ప్రతిదాన్నీ కొలిచేదాన్ని. గుమ్మం ఎన్ని జానలు, మంచం ఎన్ని మూరలు, మేకపిల్ల తోక ఎన్ని బెత్తలు అని. నన్ను బడికి పంపినవాళ్లు లేరు. అంకెలు పక్కింటి అక్క దగ్గర నేర్చుకున్నాను. మాది నిడదవోలు దగ్గర కాలవగట్టు మీది పేట. మా తాతయ్య తోలు ఊరబెట్టి జోళ్లు కుట్టేవాడు.

పక్కింటి అక్క రాజమండ్రి మిషను బడిలో ఉండి చదువుకొచ్చింది. పసితనంలో జ్వరం తగిలి ఆమె ఎడమకాలు సన్నబడిపోయింది. ఎక్కడ కూర్చున్నా ఆ కాలిని కుచ్చెళ్ల కింద దాచుకునేది. పొరుగూళ్లో ఆడపిల్లల బడి పెడుతున్నారనీ, పంతులమ్మగా తనను తీసుకోవచ్చనీ ఆ ఏడు కబురొచ్చింది. కానీ పంతులమ్మ రోజూ గట్టంట నడిచి రావాలి, ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పోగెయ్యాలి, పొద్దస్తమానం నిలబడాలి. అంత నడవగలనని చూపిస్తేనే ఉద్యోగమని ఆ బడి పెడుతున్న మిషను దొరసానిగారు చెప్పారట. అక్క ఒక పూట నడిచి చూసింది. మర్నాటికి మోకాలు వాచి మంచం దిగలేకపోయింది.

వాపు తగ్గాక ఒక సాయంత్రం మా అరుగు దగ్గరికొచ్చి జోళ్లు కావాలంది. తాతయ్య పాదం చూపించమంటాడేమోనని ముందే బిగుసుకుపోయి ఉంది. కొలత తనే చెప్పేస్తానంది. ఇంగ్లీషువాళ్లు పూర్వం జోళ్ల కొలతను బార్లీ గింజల వరసతో లెక్కపెట్టేవారని దొరసానిగారి దగ్గర విన్నదట. బార్లీ మాకెక్కడిది? తలుపు వేసుకుని, వడ్లగింజలు వరసగా పేర్చి తన పాదాలు తనే కొలుచుకుంది. ఎడమది రెండు గింజలు తక్కువొచ్చిందని చెప్పింది. ఆ పద్ధతి నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

తాతయ్య అంతా విని తలూపాడు. తరవాత చిన్న కడవ చూపించి, "నడుం పట్టేసిందమ్మా, కాలవలోంచి కాసిని నీళ్లు తెచ్చిపెడతావా?" అన్నాడు. పొద్దున్నే తోళ్ల మూట మోసుకొచ్చిన మనిషికి నడుం ఎప్పుడు పట్టేసిందో నాకు బోధపడలేదు. నేను తెస్తానని లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. అక్క తడి ఒండ్రు మీదుగా రేవులోకి దిగి నీళ్లు తెచ్చిపెట్టి వెళ్లింది. ఆమె అటు వెళ్లగానే తాతయ్య రెండు గంపలు పట్టుకుపోయి, ఒండ్రులో దిగబడ్డ ఆమె అడుగుల్లో రెండింటి మీద, బాతులు తొక్కకుండా బోర్లించి వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే గంపలు తీసి, ఆ అడుగుల్ని కొలవమని నాకు చెప్పాడు. వడ్లగింజలు పేర్చాను. అక్క చెప్పిన లెక్కే వచ్చింది. సరిపోయిందని గర్వంగా చెప్పాను.

"సరిపోయిందే బుల్లీ. నీ గింజలు పొడుగు చెప్తాయి. బరువెక్కడ పడుతుందో చెప్పవు కదా" అని నా వేలు పట్టుకుని ఆ గుంటల్లో ఆనించాడు. కుడి మడమ లోతుగా దిగబడి ఉంది. ఎడమ మడమ నేలను తాకనే లేదు. ఆ పక్క బరువంతా వేళ్ల కింద, బయటి అంచున పడింది.

ఆ అడుగులు చూసుకుంటూ కొయ్యతో రెండు అచ్చులు చెక్కి, వాటి మీద జోళ్లు కుట్టాడు. ఎడమ మడమ కింద తోలు ముక్కలు పొరలుగా అతికించాడు. అక్క వచ్చి ఆ అతుకులు చూసి మొహం చిన్నబుచ్చుకుంది. అటు తిరిగి తొడుక్కుని కాలవ లాకుల దాకా నడిచి వచ్చింది. వచ్చాక కొయ్య అచ్చును చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూసింది.

"నా కాలు ఎప్పుడు చూశావు తాతా?"

"నీ కాలు చూళ్లేదమ్మా. నువ్వు నడిచెళ్లిన చోటు చూశాను."

అక్క కళ్లు తుడుచుకుంది. మాకో సంగతి చెప్పింది. ఈ కొయ్య అచ్చును ఇంగ్లీషువాళ్లు లాస్ట్ అంటారట. వాళ్ల పాతభాషలో ఆ మాటకు నేల మీద పడ్డ అడుగు అని అర్థమట, ఇప్పుడది వాళ్లలో చాలామందికి తెలియదట. తోలుకు వేసే అతుకును క్లౌట్ అనేవారట. ఆ రోజుల్లో అతుకుల జోళ్లతోనే వాళ్ల రైతులు పొలాల్లో తిరిగేవారట.

"అయితే వాళ్ల తాతలూ బురదలోనే కొలిచారన్నమాట" అన్నాడు మా తాతయ్య. అక్క పెద్దగా నవ్వింది. ఆ పూట కాళ్లు దాచుకోకుండా కూర్చుంది.

కుంటు పోలేదు. కానీ దొరసానిగారి పక్కన గట్టంట నడిచి వెళ్లి, పొద్దువాలేదాకా నిలబడి పాఠం చెప్పి ఉద్యోగం తెచ్చుకుంది.

ఇప్పుడు మా పేట ఆడవాళ్లు అల్లే లేసు కొలిచి లెక్క చూడటం నా పని. ముక్క కొలతకు తగ్గితే తగ్గిందనే చెప్తాను, అంకె మార్చను. కానీ ఎప్పుడూ బాగా అల్లే మనిషి పని తగ్గితే, ఆ అంకె వెనక ఇంకేదో ఉందని నాకు తెలుసు. కన్ను మసకబారిందో, వేళ్లు కొంకర్లు పోతున్నాయో. చెయ్యి చూపించమని మాత్రం అడగను. కాసిని మంచినీళ్లు తెచ్చిపెట్టమని, చెంబు ఎలా పట్టుకొస్తుందో చూస్తాను.