నా బిడ్డ కడుపు పుట్ట కాదు

షోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గరి నేతగాళ్ల వాడలో గంగుబాయికి గయ్యాళి అన్న పేరుండేది. భర్త కొమురయ్య మగ్గం నేసేవాడు. ఆమె వాకిట్లో కూర్చుని బీడీలు చుట్టేది. ఎదురు చెప్పడం ఆమెకు అలవాటన్న మాట నిజమే. అయితే 1956 శ్రావణంలో ఆమె ఎందుకు ఎదురు చెప్పిందో తెలిసినవారు ఆ పేరును నిందగా వాడలేరు.

కూతురు సావిత్రికి కాళ్లూ చేతులూ పుల్లలై, కడుపు బానలా ఉబ్బింది. ఒకనాటి ఉదయం వాంతిలో ఏలికపాము పడింది. భార్యాభర్తలు పిల్లను దవాఖానకు ఎత్తుకుపోయారు. పురుగులు ఉండకట్టి పేగుకు అడ్డుపడితే కడుపు కోయవలసి వస్తుందని, ఒక్క పూట కూడా జాగు చేయవద్దని డాక్టరు హెచ్చరించి, కొత్తగా వచ్చిన పైపరజీన్ మందు సీసా ఇచ్చాడు. పాత మందుకులా పస్తు అక్కరలేదు, ఆముదమూ అక్కరలేదు.

ఇల్లు చేరేసరికి అత్త యల్లమ్మ పుట్టలో పాలు పోసి వచ్చి గడపలో కూర్చుంది. ఆ రోజు నాగుల పంచమి.

"ఏందే ఆ సీస?"

"సావిత్రికి మందు అత్తా. ఏలికపాములు పడిపోతయట."

"పాములా? పంచమి నాడు పాముల మీదికి మందా? మగ్గం సుత బందువెట్టినం, కండ్లు కనవడ్తలేవా?"

ముసలమ్మది వట్టి మూఢత్వమని కొట్టిపారేయడం న్యాయం కాదు. గంగుబాయి పెద్దకొడుకుకు వెనకటి రకం మందు పట్టినప్పుడు పస్తు పెట్టి ఆముదం తాగించారు. ఆ మందుకు వాడికి లోకమంతా పసుపుపచ్చగా కనబడింది. ఆ బెదురులోనే కన్నుమూశాడు. మందు వల్లనా, అప్పటికే ఉన్న జ్వరం వల్లనా అన్నది తేల్చడానికి ఆధారం లేదు. యల్లమ్మ మాత్రం నాగన్న కోపమని తేల్చుకుంది.

"ఒక్క దినమే గదనే, ఉద్యా పొద్దుగాల తాగిద్దాం" అన్నాడు కొమురయ్య.

"పక్కింటి మరాఠోళ్లు దీన్ని జంత్ అంటరు, పురుగని; పామనరు. ఆళ్ల పోరలకు పంచమి నాడు సుత మందు వోస్తరు. మన పోరి కడుపుల వడంగనే గది దేవుడైతదా?"

కొమురయ్య ఆమెను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "ఈ మందు పురుగును సంపదట, మత్తు వెట్టి బయటికి తోల్తదట. డాక్టరే అన్నడు గద. గదే జెప్పరాదు అమ్మకు? గమ్మునుంటది."

మాట నిజమే, సాకూ చక్కనిదే. గంగుబాయికి అది రుచించలేదు.

"ఇయ్యాల గట్ల జెప్తే, రేపు సంపే మందిచ్చిన్నాడు ఏం జెప్పాలె?" అని గంగుబాయి వచ్చి అత్త ఎదుట నిలబడింది. "అత్తా, గివి నిజం పాములైనా తాగిస్త. నా బిడ్డ కడుపు పుట్ట గాదు. పాపం తగిల్తే నాకే తగలనియ్యి."

యల్లమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది. సావిత్రి మందు మింగి పెదవులు నాకింది. "తియ్యగున్నదే అమ్మా! ఇంకింత వొయ్యి!"

పురుగులు బయటపడ్డాయి. పిల్ల జొన్నరొట్టె అడిగి తిన్నది. యల్లమ్మ తప్పు ఒప్పుకోలేదు. రొట్టె మాత్రం తానే కాల్చి పెట్టింది.

మందు పురుగును తోలిందే గాని వాడలోని మురికిని తోలలేదు. కొన్ని నెలలకు సావిత్రికి మళ్లీ అదే బాధ, తోటి పిల్లలకూ అదే. ఈసారి గంగుబాయి ఇంటింటికీ వెళ్లి తల్లులను దవాఖానకు బయలుదేరదీసింది. అమావాస్య వెళ్లాక వస్తానంది ఒకామె.

"అమాస నాడు పురుగు ఒక్కపొద్దుంటదా ఏంది? పోరన్ని ఎత్తుకో, నడువు!"