కొట్టంలో కట్టేసిన మిషను

మా బాపును మిషను మింగిందని మా ఊళ్ళో ఇప్పటికీ అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మిషనుకు నోరెక్కడిది మింగడానికి? బాపు పోయింది తన అలవాటు వల్ల, ఆ అలవాటు వెనకున్న జాలి వల్ల. ఆ సంగతి దగ్గరుండి చూసినవాళ్ళం అమ్మ, అన్న, నేను. వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. అందుకే నేనే చెప్పాలి.

మాది హాలియా దగ్గరి పల్లె. సాగర్ కాలువ రాకముందు మా చెలకలకు జొన్న, ఆముదం తప్ప మరో పంట తెలియదు. కాలువ నీళ్ళు రాగానే ఊరంతటికీ వరి పిచ్చి పట్టింది. మెట్ట దుక్కికి అలవాటుపడ్డ ఎద్దులు మోకాలి లోతు బురదలో దిగి నానా యాతన పడ్డాయి. మా జతలో నల్లది ఆ మొదటి నాట్లకే కాలు విరిగి మంచాన పడ్డ మనిషిలా పడిపోయింది, మళ్ళీ లేవలేదు. బాపు దాన్ని చేనుగట్టు పక్కన పూడ్చి వచ్చి, అన్నం ముందు కూర్చుని, కలిపి, అలాగే లేచిపోయాడు. తెల్ల ఎద్దు సంగతీ అంతే. పక్కన ఖాళీగా ఉన్న గుంజవైపు చూసేది, గడ్డిని వాసన చూసి వదిలేసేది.

నల్లదాని జాగాలో ఇంకో ఎద్దును తేవడానికి బాపుకు మనసొప్పలేదు. అన్న పట్టుబట్టి మరుసటి ఏడు చేతి ట్రాక్టరు తెచ్చాడు. ముందర ఇంజను, రెండు చక్రాలు, వెనక మట్టిని తిరగదోడే కత్తులు, మనిషి పట్టుకుని నడవడానికి రెండు పొడుగాటి పిడులు. ఊరు ఊరంతా మా వాకిట్లోనే ఉంది ఆ రోజు. ముసలామె ఒకామె దాని చుట్టూ తిరిగి, వెనక్కి వంగి చూసి, "గిది పెండ వెయ్యదా? మరేం లాభం బిడ్డా?" అని పెదవి విరిచి వెళ్ళిపోయింది.

మిషనుతో పాటు టౌను నుంచి ఒక మెకానిక్కు వచ్చాడు. బాపును, అన్నను ఎదురుగా నిలబెట్టి బడిపంతులు లాగా చెప్పాడు.

"పంచె బిగ్గట్టుకో పెద్దయ్యా, తువ్వాల భుజం మీద ఉండొద్దు. కత్తులల్ల గడ్డి చిక్కితే ఇంజను బంద్ చేసినంకనే చెయ్యి పెట్టాలె. ఎనకకు నడిపేటప్పుడు కత్తులు తిరగొద్దు. ఇంజను చల్లబడంది పెట్రోలు పొయ్యొద్దు. పని అయినంక పెట్రోలు నల్ల, గీ కుళాయి, బంద్ చెయ్యాలె. నిప్పుకు దూరం పెట్టాలె. గంతే."

అక్షరం ముక్క రాని బాపు ఆ మాటలన్నీ ఒక్కటి పొల్లుపోకుండా మనసులో పెట్టుకున్నాడు. చదువుకున్న మా అన్నకే తొందరెక్కువ. ఒకరోజు ఇంజను నడుస్తుండగానే కత్తుల్లో చిక్కిన గడ్డిని లాగబోయి వంగాడు. బాపు గట్టు మీంచి పరుగెత్తుకొచ్చి ముల్లుగర్రతో వీపు మీద ఒక్కటిచ్చాడు.

"ఎద్దయితే హో అంటె ఆగుతది. గిది నీ మాట ఇంటదారా?" అని అరిచాడు. పెళ్ళీడుకొచ్చిన కొడుకును నలుగురి ముందు కొట్టాడని అమ్మ ఆ రాత్రి బాపుతో మాట్లాడలేదు. బాపుకు మాత్రం ఏమాత్రం పశ్చాత్తాపం లేదు.

పగలంతా అది వినని ఇనుమని తెలిసిన మనిషే. సాయంత్రమయ్యేసరికి ఏమయ్యేదో తెలియదు. కాలువ దగ్గర దాని బురద కడిగి, పాత చీర ముక్కతో తుడిచి, తిన్నగా కొట్టంలోకి తీసుకుపోయి నల్ల ఎద్దు జాగాలో నిలబెట్టేవాడు. ఇంట్లో ముందరి అర్రలో పెడదామని అన్న ఎంతో చెప్పి చూశాడు.

"పనిచేసే జీవి కొట్టంల ఉంటది గని అర్రల ఉంటదా? తెల్లదానికి గూడ జర తోడైతది" అనేవాడు బాపు. నిలబెట్టడంతో ఆగలేదు. నల్లదాని పలుపు తీసి మిషను పిడికి చుట్టి గుంజకు కట్టేశాడు. అన్న పడీపడీ నవ్వాడు.

"పారిపోతదా బాపూ?"

"పారిపోదు. కట్టెయ్యంది నాకు నిద్ర పట్టదు, పోరా!"

మంచుకు తుప్పు పడుతుందని పైన గోనెసంచులు, వాటిమీద గడ్డి కప్పేవాడు. నిజం చెప్పొద్దూ, మిషను పక్కన చేరిన తర్వాత తెల్ల ఎద్దు కడుపునిండా మేయడం మొదలుపెట్టింది. ఎందుకో నాకిప్పటికీ తెలియదు. కాలం గడిచి దుఃఖం మరిచిందేమో. బాపు మాత్రం గెలిచినవాడిలాగా మా అందరి మొహాలూ చూశాడు.

ఇక నిప్పు మాట. మిషను వచ్చిన నాటినుంచి కొట్టంలోకి దీపం వెళ్ళలేదు. గడప దగ్గర బీడీతో నిలబడితే చాలు, ఎంతటివాడైనా సరే, బాపు నోట్లోంచి లాగి పారేసేవాడు. అంత జాగ్రత్త! కానీ పొగ వేయడం మానలేదు. మా దిక్కు వానకాలం పొద్దుగూకే వేళ పశువుల కొట్టంలో పొగ వేస్తారు. పగిలిన కుండలో కాసిన్ని నిప్పుకలు, వాటిమీద పిడకలు, పిడకల మీద పచ్చి యాపాకు. ఆ పొగకు దోమలు, జోరీగలు పోతాయి, ఎద్దు కుదురుగా నిలబడుతుంది. అన్న ఒకసారి ఆ కుండ వైపు వేలు చూపించి, మెకానిక్కు నిప్పు వద్దన్నాడు కదా అన్నాడు.

"నిప్పెక్కడిదిరా? పొగ అది" అన్నాడు బాపు. ఆ జవాబు మాకెవరికీ తప్పుగా తోచలేదు. నిప్పంటే పొయ్యి, నిప్పంటే దీపం, నిప్పంటే బీడీ. పొగ ఎద్దుకు మందు. తరతరాలుగా అంతే.

మిషను వచ్చి ఒక పంట గడిచింది. మళ్ళీ నాట్లొచ్చాయి. ఆ రోజు వాన. పొద్దుగూకాక బాపూ అన్నా మిషను తెచ్చి కడిగి, పెట్రోలు నల్ల తిప్పి మూసేసి, రోజూలాగే కప్పారు. ఆ నల్ల లోపల అరిగిపోయి పెట్రోలు చుక్కచుక్కగా గడ్డిలోకి కారుతోందని తర్వాత మెకానిక్కు చెప్తే తెలిసింది. వాసన రాలేదా అని అందరూ అడిగారు. ఆ కొట్టం నిండా ఎప్పుడూ ఆ వాసనే కదా, ఏమని పోల్చుకోవడం?

బాపు పొగకుండ పెట్టి వచ్చి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. నేను రొట్టె చేస్తున్నాను. భుస్సుమన్న చప్పుడు విని తల తిప్పేసరికి కొట్టమంతా ఎర్రగా ఉంది.

బాపు చెంబు పారేసి లోపలికి దూకాడు. తెల్ల ఎద్దు అరుపు నేను చచ్చేదాకా మరచిపోలేను. కాసేపటికి అది బయటికి ఉరికింది, వెనకే బాపు. దాని వీపు మీద వెంట్రుకలు కాలుతుంటే అన్న గోలెంలో నీళ్ళు తెచ్చి కుమ్మరించాడు. "బతికింది తల్లీ, బతికింది" అని అమ్మ చేతులు జోడించింది. ఇక గండం గడిచిందనే మేం అనుకున్నాం. తిరిగి చూస్తే బాపు మళ్ళీ లోపలికి పోతున్నాడు.

"ఎద్దు బయటికొచ్చిందయ్యా! ఇంకేమున్నది లోపట? ఇటు రా!" అమ్మ గొంతు చీరుకుపోయేలా అరిచింది.

బాపు వెనక్కి చూడలేదు. అన్న వెంటపడి గడప దాకా పోయాడు. లోపల బాపు మిషను పక్కన వంగి ముడి విప్పుతున్నాడట. గడప పక్కనే కొడవలి ఉంది. కోసెయ్యొచ్చు. పలుపు కోయడం ఆయన ఎరగడు, పశువును ఎప్పుడైనా విప్పడమే. ఆ ముడి విప్పుతుండగానే కప్పు కూలింది.

అన్న, పక్కింటివాళ్ళు కలిసి బాపును బయటికి లాగారు. బండి మీద హాలియా, అక్కణ్ణుంచి లారీలో నల్లగొండ దవాఖాన. కొన్నాళ్ళు బతికాడు. బతకకపోయినా బాగుండేదని అప్పుడు అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. ఆ బాధ పగవాడికి కూడా వద్దు. ఒక మధ్యాహ్నం తెలివి వచ్చి ఎద్దు గురించి అడిగాడు. మేస్తున్నదని చెప్పాం.

"మరి గది?" అన్నాడు.

"మిషను గూడ మంచిగనే ఉన్నది బాపూ" అన్నాడు అన్న, దాన్ని చూడకుండానే.

"వానల ఉంచకుండ్రి" అన్నాడు బాపు. ఆ తర్వాత మాతో మాట్లాడలేదు.

దినాలయ్యాక మెకానిక్కు వచ్చాడు. బూడిదలోంచి మిషనును ఈడ్చి, మసి తుడిచి, టైర్లు మార్చి, నల్ల మార్చి, పైపులు మార్చి హ్యాండిలు తిప్పాడు. అది పలికింది.

"దీనికేం కాలే. ఇనుము గదా" అన్నాడు.

"ఏం కాలేదా?" అన్నది అమ్మ, గడపలో నిలబడి. అతడు హ్యాండిలు తుడవసాగాడు. "ఏం కాలేదా బిడ్డా దానికి?" అని మళ్ళీ అడిగింది. బాపు లోపలికి పోయినా పోకపోయినా దానికేమీ అయ్యేది కాదు. నాకైతే గడ్డపార తెచ్చి దాన్ని ముక్కలు ముక్కలు చేయాలనిపించింది. అన్న దాన్ని ముట్టుకోనన్నాడు, పాత ఇనుము కింద అమ్మేస్తానన్నాడు.

కానీ నారుమడిలో నారు ముదిరిపోతోంది. తెల్ల ఎద్దు వీపు మీద ఈగ వాలితేనే విలవిలలాడుతోంది, కాడి మోసేదెక్కడ?

"దున్ను పో" అన్నది అమ్మ.

"దాంతోనా?"

"దాని కోసమే పాయె గదరా మీ బాపు. ఊకె నిలబెడ్తవా?"

అన్న పంచె బిగించి కట్టాడు, తువ్వాల తీసి నా చేతికిచ్చాడు, మిషనును మడిలోకి దింపాడు. అమ్మా నేనూ గట్టు మీద కూర్చున్నాం. బురద తిరగబడుతూ, నీళ్ళు ఎర్రగా కలుస్తూ అది ముందుకు సాగింది. అన్న భుజాలు ఊగుతుంటే ఇంజను అదురుకేమో అనుకున్నాను. మడి చివర మళ్ళి మావైపు వచ్చేటప్పుడు చూశాను. నోరు పూర్తిగా తెరిచి ఏడుస్తున్నాడు. ఇంజను చప్పుడులో ఆ ఏడుపు మాకు కొంచెం కూడా వినిపించలేదు.