ధర్మవరం జకార్డు అట్ట

ఇది ఒక మహాకావ్యం. ఇందులో మూడు పురాలున్నాయి, ఎడతెగని ప్రయాణాలున్నాయి, నెత్తురుంది, ఒక తల్లి నిరీక్షణ ఉంది, చివర్లో ఒక ద్రోహం కూడా ఉంది. పద్యాలు కట్టడమే తరువాయి.

అబద్ధం. మూడు పురాలంటే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ప్రయాణాలంటే ప్యాసింజరు బండి, అదీ నిలబడి. నెత్తురు అయిదేళ్ల పిల్ల మణికట్టు మీద, అగ్గిపుల్ల తలకాయంత. ద్రోహం చేసింది ఒక అవ్వ, శనక్కాయలు వలుచుకుంటూ. మిగతాదంతా లెక్కపెట్టడం. ఆ పిల్ల తన చెయ్యి తాను ఎన్నిసార్లు కొరుక్కుందో లెక్కపెట్టడానికి నేను కొన్ని నెలలు తిరిగాను. అంతే.

అప్పట్లో హిందూపురంలో, మాటలు రాని పిల్లలకు శిక్షణ ఇచ్చే ఒక చిన్న కేంద్రంలో పనిచేసేవాణ్ణి. నేను చదివిన చదువు పేరు అనువర్తిత ప్రవర్తనా విశ్లేషణ. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు మా నాయన అన్నం ముద్ద ఆపి, "అది ఉద్యోగమా, రోగమా?" అని అడిగాడు. రెండూ అని ఇప్పుడైతే చెప్పేవాణ్ణి. మనిషి ఒక పని ఎందుకు చేస్తాడో అతని మనసులోకి తొంగిచూడకుండా తెలుసుకునే విద్య అది. పనికి ముందు ఏం జరిగింది, చేసిన పని ఏమిటి, చేశాక ఏం దక్కింది. కాగితం మీద మూడు గళ్లు. దక్కినది బాగుంటే ఆ పని మళ్లీ చేస్తాడు. ఇందులో మా అవ్వకు తెలియనిది ఏమీ లేదు, గళ్లు గీయడం తప్ప.

సర్టిఫికెట్ రావాలంటే నేనొక పరిశోధన చేసి చూపించాలి. ముగ్గురు పిల్లల్ని ఎంచుకున్నాను, ఊరికి ఒకరు. ముగ్గురికీ నోట మాట లేదు. ఏదైనా కావాలంటే ఒకడు తల బాదుకుంటాడు, ఒకడు చేతిలోది విసురుతాడు, ధర్మవరం పిల్ల చెయ్యి కొరుక్కుంటుంది. చేయబోయే వైద్యం ముగ్గురికీ ఒకటే. బొమ్మ ఉన్న అట్టముక్క చేతికిస్తే అడిగింది ఇస్తాం, బాదుకుంటే ఇవ్వం.

ముగ్గురికీ ఒకే రోజు మొదలుపెడితే కుదరదు. ముగ్గురూ బాగుపడ్డారనుకోండి, ఎవడో ఒకడు లేచి, "అది మీ అట్టల వల్ల కాదు, ఎండలు తగ్గినందుకు" అంటాడు. అందుకని ఒక ఊళ్లో మొదలుపెట్టి మిగతా రెండు ఊళ్లలో ఊరికే లెక్క మాత్రం రాసుకోవాలి. మొదటి ఊళ్లో తగ్గి, మిగతా చోట్ల తగ్గకపోతే అప్పుడు రెండో ఊరు. ఆ తర్వాత మూడోది. గ్రాఫు గీస్తే మెట్లలా వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది. కాకపోతే చివరి మెట్టు మీద ఉన్నవాళ్లు అందరికంటే ఎక్కువ రోజులు ఊరికే నిలబడి ఉండాలి. ఎవరు ముందో, ఎవరు వెనకో చీటీలు వేసి తేల్చాం. చివరి చీటీ ధర్మవరం. తీసింది నేనే.

ధర్మవరంలో ఆ ఇల్లంటే మగ్గమే. మగ్గం నిలబెట్టాక మిగిలిన చోటులో మనుషులు ఉండేవారు. పిల్ల తల్లి మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టుకుని పొద్దున్నుంచి పట్టుచీర నేసేది. మొదటి రోజు నేను ఆమెకు నిర్వచనం చదివి వినిపించాను. ఏది కొరకడమో, ఏది కాదో ముందే తేల్చుకోకపోతే లెక్క కుదరదు మరి.

"పండ్లు తగిలితే కొరికినట్లా సార్, గాటు పడితే కొరికినట్లా?"

"పళ్లు చర్మానికి తగిలితే చాలమ్మా, ఒకటి."

"గాటు పడితే రెండా?"

"అదీ ఒకటే."

"ఏమో సార్. మీ లెక్క మీది," అని ఆమె పేక దారం చుట్టిన నాడెను పడుగులోకి విసిరింది.

రెండు వారాలు మూడు గళ్లు నింపాక నేను ఒక మహా సత్యాన్ని కనిపెట్టాను. నీళ్లు పట్టు పడుగు మీద ఒలికితే పని పాడవుతుందని ఆ ఇంట్లో బిందె ఎత్తు మీద పెట్టారు. పిల్లకు దాహమవుతుంది. తల్లి గుంతలో ఉంటుంది. పిల్ల కొరుక్కుంటుంది. తల్లి లేచి నీళ్లిస్తుంది. అంటే ఆ కొరకడం కోపం కాదు, నీళ్లు అడగడం. గొంతు సవరించుకుని ఇది తల్లికి వివరించాను.

"అది నాకు తెల్దా సార్?" అంది ఆమె. "కొరికిందంటే నీళ్లడిగినట్లే. ఇంకోతీరుగా అడిగేది ఎట్లో నేర్పిస్తారని గదా మిమ్మల్ని రమ్మన్నేది."

నేర్పిస్తాను, కానీ ఇప్పుడే కాదు. గ్రాఫులో హిందూపురం గీత ఇంకా దిగలేదు, పెనుకొండ ఇంకా మొదలు కాలేదు. అదంతా చెప్పడానికి నాకు ఓపిక లేదు, వినడానికి ఆమెకు తీరిక లేదు. కాఫీ ఇచ్చేది. చేతిలో క్లిక్కరు పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేవాణ్ణి. కొరికినప్పుడల్లా ఒక నొక్కు.

ఇద్దరు మనుషులు విడివిడిగా లెక్కపెడితే ఆ రెండు లెక్కలూ కలవాలని ఇంకో నియమం ఉంది. రెండో మనిషిని ఎక్కడినుంచి తెచ్చేది? ఒకరోజు ఆ తల్లినే లెక్కపెట్టమన్నాను. ఆమె తల తిప్పకుండా నేస్తూనే ఉంది. గంట గడిచాక నాది ఎనిమిది, ఆమెది తొమ్మిది.

"ఒకటి తప్పినారు సార్, కాఫీ తాగేటప్పుడు."

ఆమె చెప్పిందే నిజం. కప్పులోకి చూస్తున్నాను.

వారాలు గడిచేకొద్దీ ఆ ఇంటి గడప దాటడం కష్టమైంది. "ఈపొద్దు గూడా రాసుకొని పోయేదేనా?" అని అడిగేది.

"ఈ వారం కూడా అంతేనమ్మా."

"మీరు రాసుకుంటే పాపకు తగ్గుతాదా?"

"తగ్గిందో లేదో తెలిసేది రాసుకుంటేనే కదమ్మా."

"తగ్గకపోతే ముందు నాకే తెలుస్తాది సార్. చేతికి గుడ్డ మార్చేది నేనే గదా."

ఆ గుడ్డకు నా కాగితంలో గడి లేదు. ఇంకో పదిరోజులన్నాను. ఆ పదిరోజులు ఇదివరకే రెండుసార్లు చెప్పి ఉన్నాను.

ఈలోపు పెనుకొండలో మొదలైంది. అక్కడ పిల్లవాడిని సాకేది వాళ్ల అవ్వ. రెండు పూటల్లో పని పట్టేసింది. నాకు ఒక సెమిస్టరు పట్టిన సంగతిని ఆమె తనకు కావలసినంతకు కుదించుకుంది: "ఇసిరితే మొగం తిప్పుకో, అట్ట ఇస్తే ఎత్తియ్యి." పాఠ్యపుస్తకం రాసినవాళ్లు ఆమెను ముందే అడిగుంటే చాలా కాగితం మిగిలేది.

ఇక ద్రోహం. కేంద్రంలో ఏవో పత్రాల మీద సంతకాలు కావాలంటే అవ్వనూ, పిల్లతో సహా ధర్మవరం తల్లినీ ఒకేరోజు హిందూపురం పిలిచాను. పని కాగానే ఇద్దర్నీ ఒకే బండి ఎక్కించి, కిటికీలోంచి జాగ్రత్తలు చెప్పి, చెయ్యి ఊపి మరీ పంపాను. ఒక ఊరి వైద్యం ఇంకో ఊరికి అంటకూడదని, మూడూ దేనికది విడిగా ఉండాలని పుస్తకంలో పెద్దక్షరాల్లో ఉంది. ఆ పుస్తకం రాసినవాళ్లు మా ప్యాసింజరు ఎప్పుడూ ఎక్కి ఉండరు. ఎదురుగా కూర్చున్న పిల్ల చేతికి గుడ్డ ఎందుకు కట్టారో అడక్కుండా పెనుకొండ దాకా నోరు మూసుకుని కూర్చునే అవ్వ మా వైపు ఇంకా పుట్టలేదు.

తరువాతి వారం ధర్మవరం వెళ్లి గోడకు ఆనుకున్నాను. గంటలో క్లిక్కరు రెండుసార్లే నొక్కాను. పాడైందేమోనని విదిలించి చూశాను. అప్పుడు పిల్ల లేచి, మగ్గం పక్కన మేకుకు తగిలించిన అట్టముక్క తీసి, గుంతలో ఉన్న తల్లి భుజానికి ఆనించింది. తల్లి లేచి నీళ్లిచ్చింది. అట్ట మళ్లీ మేకుకు ఎక్కింది.

అది జకార్డు అట్ట. చీర అంచులో పువ్వు ఎక్కడ రావాలో మగ్గానికి చెప్పడానికి చిల్లులు పొడిచిన అట్టలుంటాయి. పాతబడిన దాంట్లోంచి తల్లి ఒక ముక్క కత్తిరించి, దాని మీద బాల్‌పెన్నుతో చెంబు బొమ్మ వేసింది. చెంబు కూడా కాదు, చెంబులాంటిది.

"ఎప్పుడు మొదలుపెట్టారమ్మా?"

"బండి దిగిన మర్నాడే. ఆ పెనుకొండ అవ్వ చెప్పె. కొరకబోతే చేయి అడ్డం పెట్టు, మాట్లాడొద్దు, అట్ట ఇస్తేనే నీళ్లనె." ఆమె నాడె పక్కన పెట్టింది. "మొదటి రెండు దినాలు సచ్చిపోయినాం సార్. ముందుకంటే ఎక్కువ కొరికె. నేను లేచి కూర్చొని, లేచి కూర్చొని, చీరలో జానెడు పేక పాడాయ. మూడోనాడు అట్ట తెచ్చిచ్చె."

కొత్త దారి నేర్పేటప్పుడు పాత అలవాటు ఆరిపోయే ముందు ఒకసారి ఎగసిపడుతుందని పుస్తకంలో ఉంది. ఈమెకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే నిలబడింది.

వస్తూ పెనుకొండలో దిగాను.

"ఏమవ్వా, ధర్మవరం ఆయమ్మకు నువ్వే చెప్పినావంట?"

"చెప్తే ఏమబ్బా? మందు దాచిపెట్టుకుంటారా ఎవురన్నా?"

"చెప్పకూడదని కాగితంలో ఉండాది. నువ్వు సంతకం గూడా పెట్టినావు."

"సంతకం పెట్టినా. సదివినానని యాడన్నా పెట్టినానా?" అని అవ్వ నా దోసిట్లో శనక్కాయలు పోసింది.

గ్రాఫు బెంగళూరులో ఉంటూ నా పరిశోధన చూసే మా మేడంకి ఫోన్లో పంపాను. కాసేపటికి ఆమే ఫోన్ చేసింది.

"మూడో గీత మనం మొదలుపెట్టకముందే పడిపోయింది, ఎందుకు?"

"పిల్ల బాగుపడింది మేడం."

ఆమె నిట్టూర్చింది. ఆమె కూడా అలసిపోయిన మనిషే. "సంతోషం. నిజంగానే. కానీ మన చేతుల్లో లేకుండా జరిగింది, కాబట్టి ఇది రుజువు కాదు. ఇంకో పిల్లవాడిని వెతుక్కో, మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టు."

ఇంకో పిల్లవాడు, ఇంకో గోడ, ఇంకో తల్లికి ఇంకో పదిరోజులు. వేరే దారి లేకపోలేదు. వైద్యం మొదలుపెట్టాలని ముందే అనుకున్న రోజు దగ్గర గ్రాఫులో నిలువుగా ఒక చుక్కల గీత ఉంటుంది. దాన్ని నాలుగు గళ్లు ఎడమకు జరిపితే చాలు. ఆ బండి దిగిన మర్నాడు నేనే మొదలుపెట్టినట్టు అవుతుంది. మెట్లు చక్కగా వస్తాయి, సర్టిఫికెట్ వస్తుంది. రబ్బరు కూడా జేబులోనే ఉంది.

తరువాతి వారం ఆ కాగితంతోనే ధర్మవరం వెళ్లాను. తల్లి మగ్గం మీదినుంచే నా ఒళ్లోని కాగితం వైపు చూసింది.

"పాప బాగైందని రాస్తాండారా సార్?"

"రాస్తాండానమ్మా."

"రాయండి. ఎవురు చేసినారని రాస్తారు?"

ఆమె నేత ఆపింది.

"మీరొచ్చినంక తగ్గిందని రాస్తే మాత్రం నాకు కోపమొస్తాది సార్. మీరు వచ్చినన్నాళ్లూ అది కొరుక్కుంటానే ఉండె. మీరు రాసుకుంటానే ఉంటిరి."

ఆ తొమ్మిదో కొరుకు లాగే ఇదీ నిజమే. గీత ఉన్నచోటే ఉంచి, దాని పక్కన రాశాను: "తల్లి ముందుగానే, సొంతంగా మొదలుపెట్టింది." చదివి వినిపించాను. ఆమె తల ఊపి మళ్లీ నేత మొదలుపెట్టింది. అక్కడితో ఆ గ్రాఫు పని అయిపోయింది. నేను ఇంకో పిల్లవాడిని వెతుక్కోవాలి.

పోయే ముందు కేంద్రంలో చేయించిన రంగురంగుల బొమ్మ అట్ట పిల్లకు ఇచ్చాను. అసలైన బిందె ఫొటో. పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి, చిల్లులు లేవని చూసుకుని, నా చేతిలోనే పెట్టేసింది.

తల్లి ఒక్కటే అడిగింది. "మా అట్ట నీళ్లకు మెత్తబడతాండాది సార్. బస్టాండుకాడ ల్యామినేషన్ చేస్తారంట, చేయించిస్తారా?"

తీసుకెళ్లాను. జెరాక్సు షాపతను దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి వెనక్కిచ్చాడు. జకార్డు అట్ట మందం ఎక్కువ, ల్యామినేషన్ మిషన్లో ఇరుక్కుంటుంది. సెల్లోటేపే చుట్టుకోవాలి, అదీ వెడల్పుది.