ముందు ఒక ట్రయల్ వేద్దామండీ

గిరిధర్ గారు ట్రయల్ వెయ్యకుండా ఏ పనీ చెయ్యరు. కొత్త చెప్పులు కొంటే ముందు గదిలో నడుస్తారు, తర్వాత అరుగు మీద నడుస్తారు, ఆ తర్వాతే వీధిలోకి తీసుకెళ్తారు. ఈలోగా అవి పాతబడిపోతాయి. అవనిగడ్డ బస్సు ఎక్కాలంటే ముందురోజు అదే వేళకి వచ్చి స్టాపులో నిలబడతారు. బస్సు ఆగగానే కండక్టరుకి నమస్కారం పెట్టి వెనక్కి తిరుగుతారు.

"ఎక్కరా మాస్టారూ?" అని కండక్టరు అరుస్తాడు.

"రేపండీ! ఇవాళ ట్రయల్!"

నేను అవనిగడ్డలో మోటార్లు, పంపులు, గ్యాస్ పొయ్యిలు బాగుచేస్తాను. ఒకరి దగ్గర నేర్చుకున్నది కాదు, విప్పి చూసి నేర్చుకున్నదే. బిగించాక ఒకసారి నడిపి చూడటం నాకూ అలవాటే. కానీ గిరిధర్ గారు బిగించకముందే నడిపి చూడమనే రకం.

ఆయన హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేసేవారు. ఇంకొకళ్లు రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టుకోవడమే ఉద్యోగం. రిటైర్మెంటు ఇంకా ఎక్కడో ఉండగానే, జుట్టు నల్లగా ఉండగానే, అదంతా వదిలేసి హంసలదీవి వెళ్లే దారిలో ఉన్న మా ఊళ్లో పాత పెంకుటిల్లు కొనుక్కున్నారు. ఉద్యోగం మానెయ్యడానికి కూడా ట్రయల్ వేశారు. మేనేజరుకి చెప్పబోయే మాటలు ముందు అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కి చెప్పారట.

"సార్, నేను ఉద్యోగం మానేస్తున్నాను."

వాచ్‌మన్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "అద్దె గురించి దిగులు పడకండి సార్, ఓనరుతో నేను మాట్లాడతాను" అన్నాడు. సాయంత్రానికల్లా అపార్ట్‌మెంటంతా పరామర్శకి దిగింది. పై అంతస్తు ఆవిడ గిన్నెనిండా ఉప్మా పట్టుకొచ్చింది.

"అంత ఉప్మా తిన్నాక ఇంక మానకపోతే బాగుండదని మానేశారండీ" అంటారు ఆయన భార్య హారిక గారు.

"మీరెలా ఒప్పుకున్నారమ్మా?" అని అడిగానొకసారి.

"పెళ్లిచూపులకే ట్రయల్ వేసిన మనిషండీ. ముందురోజు వచ్చి మా వీధిలో కుక్కలెన్ని ఉన్నాయో చూసుకుంటున్నారు. మా నాన్న దొంగ అనుకుని కర్రతో వెంటపడ్డారు. మర్నాడు ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టి, గుర్తుపట్టనట్టు కాఫీ తాగారు. అప్పుడే ఒప్పేసుకున్నాను. ఇలాంటి మనిషితో రోజులు విసుగ్గా గడవవు కదా!"

ఇంటికొచ్చిన మొదటి వేసవిలో ధనరాజు చేత పెంకులు మార్పించారు. ధనరాజు చెయ్యి పెడితే చుక్క కారదని దివిసీమలో అందరికీ తెలుసు. అయినా వాన ట్రయల్ వేయాల్సిందేనన్నారు. మండుటెండలో నేను పంపు బిగించి కాలవ నీళ్లు కప్పు మీదకి కొట్టాను. లోపల గిరిధర్ గారు, హారిక గారు గొడుగులు పట్టుకుని కూర్చున్నారు.

"ఎలా ఉందండీ?" అని పైనుంచి ధనరాజు కేకేశాడు.

"వాన బాగుందండీ! నేను పెట్టిన పెంకు కింద ఇంకా బాగుంది!"

కారిందల్లా ఆ ఒక్క పెంకే. సరదాపడి ఆయనే స్వయంగా, తిరగేసి పెట్టారు.

తర్వాత తుఫాను ట్రయల్. గాలివాన అని మైకులో చెప్పినప్పుడు ఏం చెయ్యాలో మా వీధికి ముందే అలవాటు చేస్తానన్నారు. ఆకాశంలో మబ్బుతునక లేదు. మేమంతా మూటలు నెత్తిన పెట్టుకుని బడి దగ్గరికి ఊరేగింపు. ముందు గిరిధర్ గారు ట్రంకుపెట్టెతో, వెనక మేము. మలుపు తిరగ్గానే ఆయన ట్రంకుపెట్టెతో సహా పంటబోదె నీళ్లలో పడ్డారు. ఏ తుఫానుకీ గడప దాటనని పంతం పట్టి కూర్చునే వెంకటరత్నమ్మ గారు ఆ రోజు బోదె గట్టున కూలబడి మరీ నవ్వింది. నిజం తుఫాను వచ్చినప్పుడు అందరికంటే ముందు మూట కట్టుకుని బయల్దేరిందీ ఆవిడే.

"ఇన్నాళ్లూ రానిదానివి, ఇప్పుడెలా వచ్చావు పిన్నీ?" అన్నాను.

"ఆ అబ్బాయి మళ్లీ పడతాడేమో, చూడొద్దూ?" అంది.

ఏ ట్రయల్లోనైనా మొదటి తప్పు గిరిధర్ గారిదే. ఇన్ని ట్రయల్స్ వేసి కూడా ఈయన చేతికి ఒక్క పనీ పట్టుబడదేమిటా అని నాకు విసుగొచ్చేది. మాటలు ఎన్నయినా చెప్పొచ్చు, చెయ్యి తిరగాలి కదా!

ఇలా ఉండగా సువర్ణ సంగతి వచ్చింది. సువర్ణ మా వీధిలోనే ఉంటుంది. రోజూ మొదటి బస్సుకి బందరు వెళ్లి, బట్టల షాపులో పొద్దస్తమానం నిలబడి చీరలు విప్పి, మడతపెట్టి, చివరి బస్సుకి వస్తుంది. కాళ్లు వాచిపోతాయి. ఆ షాపు మానేసి, ఇంటి దగ్గరే ఉండి వంట ఆర్డర్లు చేసుకోవాలని ఎంతో కోరిక. వంటలో చెయ్యి తిరిగిన మనిషే. పప్పు గాని, పులిహోర గాని ఆవిడ చేశాకే ఎవరైనా. భయపడేది ఒక్కదానికే: పూర్ణం బూరెలు.

బూరెకి పైపిండి ఏమాత్రం పల్చనైనా లోపలి పూర్ణం నూనెలోకి వచ్చేస్తుంది, బూరె ఢామ్మని పేలుతుంది. ఎప్పుడో బంధువుల గృహప్రవేశంలో సువర్ణ వేసిన వాయి మొత్తం అలాగే పేలింది. పురోహితుడు పీట వదిలి పారిపోయాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పట్నుంచి బాంబుల సువర్ణ అని పేరు. మళ్లీ పదిమందికి వండటానికి ఆవిడ పొయ్యి వెలిగించలేదు.

సరిగ్గా అప్పుడే గుడివాడ నుంచి సరళ గారని ఒకావిడ, హారిక గారింటికి చుట్టపుచూపుగా వచ్చి సువర్ణ పులిహోర తిన్నది. తిని, "మా అమ్మాయి నిశ్చితార్థం వంట మీదే. బూరెలు మాత్రం ఉండి తీరాలి" అనేసి వెళ్లింది. అటు షాపు ఓనరేమో ఉంటావో మానేస్తావో ఈ నెలలోనే తేల్చమంటున్నాడు.

సువర్ణ ఏడుపు మొహంతో గిరిధర్ గారింటికి వచ్చింది. "నావల్ల కాదన్నయ్యగారూ. కుదరదని సరళ గారికి ఫోన్ చేసేస్తాను."

"చేద్దువుగానమ్మా" అన్నారు గిరిధర్ గారు. "ముందు ఒక ట్రయల్ వేద్దాం."

"కుదరదని చెప్పడానికా?"

"బూరెలకి!"

ఆదివారం ఆయన పెరట్లో ట్రయల్. పెద్ద పొయ్యి బర్నర్ మంట సరిగా రావడం లేదని నన్ను పిలిచారు. వీధి వీధంతా వచ్చింది. ధనరాజు హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు. వెంకటరత్నమ్మ గారు మొహానికి చేట అడ్డం పెట్టుకుంది. సువర్ణ చేతిలో పూర్ణం ఉండ వణికిపోతోంది.

"ఆగమ్మా, మొదటి బూరె నాది" అన్నారు గిరిధర్ గారు. "నా పిండి వేరు, నా గిన్నె వేరు. అందరూ దూరం జరగండి!"

పొడుగు గరిటెతో దూరం నుంచి జారవిడిచారు. అది మూకుట్లో ఒక్క క్షణం బుద్ధిగా తేలింది. తర్వాత ఢామ్మంది! నూనె తుంపర్లు లేచాయి, కోళ్లు గోడ దాటాయి, ధనరాజు హెల్మెట్‌తోనే అరటిచెట్టుని వాటేసుకున్నాడు.

"గిరిధర్ గారూ, ఈ చప్పుడుకి హంసలదీవిలో పడవలు వెనక్కి తిరిగుంటాయండీ!" అన్నాను.

"ఇంకోటి వెయ్యనా?"

"వద్దు వద్దు!" అని సువర్ణ ముందుకొచ్చింది. అప్పటికే నవ్వుతోంది. "జరగండన్నయ్యగారూ, పెరడు తగలెట్టేటట్టున్నారు."

ఆవిడ వేసిన మొదటిది కూడా కాస్త చిట్లింది. ఎవరూ పట్టించుకోలేదు, అందరూ గిరిధర్ గారి కళ్లద్దాల మీద పూర్ణం తుడిచే హడావిడిలో ఉన్నారు. పిండి రవ్వంత గట్టిచేసి ఆవిడ రెండోది వేసింది. బంగారంలా పొంగింది. ఆ తర్వాత వాయి మీద వాయి. వెంకటరత్నమ్మ గారు చేట దించి, అదే చేటలో బూరెలు పెట్టించుకుంది.

జనం వెళ్లాక నా పానా కోసం వంటింట్లోకి వెళ్లాను. అక్కడొక పళ్లెం మీద మూత. తీస్తే నున్నటి బూరెలు, ఒక్కదానికీ చిల్లు లేదు.

"ఇవి సువర్ణ చేసినవేనా?" అన్నాను.

"మా ఆయనవండీ జీవన్ కుమార్ గారూ" అన్నారు హారిక గారు. "వారం నుంచీ మా ఇంట్లో టిఫినూ ఇదే, భోజనమూ ఇదే. మా అమ్మకి ఫోన్ చేసి మరీ నేర్చుకున్నారు."

"మరి ఇందాక పేలిందే?"

"ఆ పిండిలో నీళ్లు పోసింది నేనేగా! ఆయన కళ్లతో సైగ చేశారు, నేను పోశాను. మొదటిది ఎవరిదో ఒకరిది పేలాలి కదండీ. అది ఆయనదైతే ఆ పిల్లకి చెయ్యి వణకదు."

నాకు పంటబోదె గుర్తొచ్చింది. "అయితే ఆ ట్రంకుపెట్టె?"

"అదీ అంతే."

"ఆ పెంకు?"

"పెంకు పెట్టడం మాత్రం నిజంగానే చేతకాలేదండీ. అన్నీ నటనే అనుకోకండి."

నిశ్చితార్థం రోజు తెల్లారేసరికే వ్యానులో గుడివాడ చేరాం. పొయ్యిలు చూసుకోవడానికి నేను, గరిటెలు అందించడానికి గిరిధర్ గారు. సువర్ణకి సాయంగా వాళ్ల పిన్నత్త అచ్చమ్మ వచ్చింది. అంత పెద్ద ఇల్లు, పట్టుచీరల సందడి చూసి అచ్చమ్మ గరిటె కింద పెట్టేసింది.

"బూరెలు నేను ముట్టుకోనే తల్లీ, పేలితే పరువు పోద్ది!"

"సరే, ముందు నేను వేస్తాలే అత్తా" అని సువర్ణ చిన్న గిన్నెలోకి కాస్త పిండి తీసి, మూకుడులో ఒక్క బూరె జారవిడిచి, ఇవతలికి గెంతింది. ఢామ్! సరళ గారు పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదండీ. నాది పేలింది. అంతే!"

అచ్చమ్మ పకపకా నవ్వి గరిటె అందుకుంది. ఆ పూట ఇంకొక్క బూరె కూడా చిట్లలేదు. మగపెళ్లివారు పెళ్లి వంట కూడా మీరే చెయ్యాలని అక్కడికక్కడే మాట తీసుకున్నారు. సువర్ణ చెయ్యి తుడుచుకుని, నిలబడ్డ చోటునుంచే బందరు షాపుకి ఫోన్ చేసి, రేపట్నుంచి రానని చెప్పేసింది.

తిరుగుప్రయాణంలో గిరిధర్ గారు ముందు సీట్లో కూర్చుని, ఈ వ్యానుకి బ్రేకు ట్రయల్ ఎప్పుడు వేశావని డ్రైవర్ని విసిగిస్తున్నారు. నేను వెనక్కి తిరిగి సువర్ణని మెల్లిగా అడిగాను.

"ఆ చిన్న గిన్నెలో నీళ్లు పోశావు కదూ?"

"పోశాను. ఆ ఆదివారం హారిక వదిన పోస్తుంటే చూశానుగా. మీరు బర్నర్లో తల దూర్చి కూర్చున్నారు గానీ, చూడంది మీరొక్కరే. ధనరాజు బాబాయి చూశాడు, రత్నమ్మ గారూ చూశారు."

"మరి తెలిసీ అంత నవ్వు నవ్వారే!"

"ఆయన అంత కష్టపడి పేలిస్తే నవ్వకపోతే ఎలాగన్నయ్యా!"