కాశీరావు మీటరు

భవానీపురంలో చేపలమ్మే గంగారత్నానికి ఒక అలవాటుంది. పొద్దున్నే బుట్ట దించగానే, మొదటి బేరానికి ముందు, కాటా మీద విప్పని ఉప్పు ప్యాకెట్టొకటి పెడుతుంది. కిలో చూపిస్తే సరే. చూపించకపోతే కాటాని అరచేత్తో ఒక్క చరుపు చరిచి మళ్ళీ పెడుతుంది. "కంపెనీవోడు సీలేసి పైన రాశాక ఇంక దానికి తిరుగేంటి?" అంటుంది. గిలకలదిండి రేవులో వాళ్ళమ్మ అలాగే చూసుకునేది. అక్కడి ఆడవాళ్ళంతా అంతే.

ఆమె భర్త కాశీరావు వల పట్టినవాడు కాదు. చిన్నతనంలో పడవ ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ వెంట తిరిగాడు. పెళ్ళయ్యాక బెజవాడ వచ్చి, అద్దె ఇంటి ముందుగదిలోనే బల్ల వేసుకున్నాడు. మొదట్లో మిక్సీలు, ఫ్యాన్లు. బ్యాటరీ స్కూటర్లు వచ్చిన దగ్గర్నుంచీ వాటి ఛార్జర్లు. మాట మెత్తన, చెయ్యి నిదానం. పాడైన ఛార్జరు విప్పి, మాడిన ముక్క మార్చి, బ్యాటరీ నిండాక సరిగ్గా యాభై నాలుగున్నర వోల్టుల దగ్గర ఆగిపోయేలా లోపలి చిన్న మర తిప్పి పెట్టేవాడు. ఆ అంకె చెప్పేది పసుప్పచ్చ డిజిటల్ మల్టీమీటరు. దాన్ని రోజూ మెత్తటి గుడ్డతో తుడుస్తుంటే గంగారత్నం, "ఆ మర్యాదలో సగం నాకిచ్చుంటే ఈపాటికి మహారాణినై ఉందును" అని దెప్పేది.

ఒకనాడు ఆ మీటరు బల్ల మీంచి జారిపడింది. అప్పట్నుంచీ అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా చూపించసాగింది. కాశీరావు దాన్ని విప్పాడు. లోపల దానికీ ఒక మర ఉంది, బియ్యపుగింజంత. అది తిప్పితే అంకె మారుతుంది. అయితే ఎక్కడ ఆపాలి? ఖరారుగా తెలిసిన కొలత ఒకటి కావాలి. గుమ్మంలో కూర్చుని కాటా తుడుచుకుంటున్న భార్యని చూశాడు. పక్కనే ఉప్పు ప్యాకెట్టు. నవ్వుకుని, వీధి చివర కొట్టుకెళ్ళి గోడగడియారంలో వేసే విప్పని కొత్త సెల్లు ఒకటి తెచ్చాడు. దానిమీద ఒకటిన్నర వోల్టులని రాసుంది. మీటరు ఒకటిన్నర చూపించేదాకా మర తిప్పి, మూత బిగించాడు. ఆ తర్వాత ఇంటి కరెంటు తక్కువ చూపించినా, మన లైనెప్పుడూ లోవోల్టేజే గదా అనుకున్నాడు.

వానాకాలంలో యేసుకుమార్ ఇంట్లో మంటలు లేచాయి. అతను కాశీరావుకి తమ్ముడిలాంటివాడు, మూడు వీధుల అవతల ఉంటాడు. మధ్యాహ్నం వాన కురుస్తోందని స్కూటరు లోపలికి తెచ్చి ఛార్జింగు పెట్టి, కునుకు తీశాడు. అదే గదిలో పక్షవాతంతో మంచం పట్టిన తండ్రి జయపాల్. బ్యాటరీ ఉబ్బి పేలింది. యేసుకుమార్ పొగలో తడుముకుంటూ తండ్రిని బయటికి లాగేసరికే ఆయన ఊపిరి ఆగిపోయింది.

సమాధుల తోటలో అందరూ బ్యాటరీ అమ్మినవాణ్ణి తిట్టారు. యేసుకుమార్ కాశీరావు భుజం మీద తలపెట్టి, "ఛార్జరు నీ చేత్తో చేసింది, దాంట్లో ఒంక లేదు కాశన్నా. వాడే దొంగ బ్యాటరీ అంటగట్టాడు" అన్నాడు. అందరూ అవునన్నారు. కాశీరావు కూడా తలూపాడు.

కొన్నాళ్ళకి సామాను కోసం గవర్నరుపేట వెళ్ళినప్పుడు, గోడగడియారానికని కొత్త సెల్లు అడిగాడు. కొట్టతను దాన్ని తన మీటరు మీద పెట్టి చూపించాడు.

"ఒకటిన్నర కదండీ ఉండాలి? ఒకటి పాయింటు ఆరు చూపిస్తందేంటి?" అన్నాడు కాశీరావు.

"కొత్తది అంతే ఉంటదండీ. వాడేకొద్దీ దిగుద్ది. పైన రాసేది ఊరికే సుమారుగా."

కాశీరావు తన మీటరు మర తిప్పింది అలాంటి కొత్త సెల్లు చూసుకునే. కొట్టతను చెబుతూనే ఉన్నాడు. మీటరు సరిచూసుకోవాలంటే కచ్చితంగా పది వోల్టులిచ్చే చిన్న బోర్డుంటుందట. కాశీరావు అది పట్టుకుని బస్సెక్కాడు. దారిపొడుగునా ఒకటే దండం పెట్టుకున్నాడు: పది చూపించాలి తల్లీ, పదే చూపించాలి.

బల్ల మీద బోర్డు పెట్టి, మీటరు తీగలు ఆనించాడు. తొమ్మిది పాయింటు ముప్పై ఏడు. తీగలు తుడిచి మళ్ళీ ఆనించాడు. అదే అంకె.

అంటే మీటరు తక్కువ చెబుతోంది. తను యాభై నాలుగున్నర అనుకుని ఆపిన ఛార్జరు నిజానికి యాభై ఎనిమిది దాకా నెట్టుకుపోతోంది. తిండి చాలన్నా నోట్లో కుక్కినట్టు, నిండిన బ్యాటరీలోకి ఇంకా ఇంకా. యేసుకుమార్ ఛార్జరు చేసిచ్చింది ఆ మర తిప్పాకే. జయపాల్ మంచం పక్కన జరిగింది అదే.

గంగారత్నం చేతులు తుడుచుకుంటూ వచ్చి అతని మొహం చూసింది. అతను చెప్పాడు. ఆమె గుమ్మానికి ఆనుకుంది.

"ఆ మర తిప్పెయ్. పదికి తెచ్చెయ్" అంది గొంతు తగ్గించి. "ఎవరడిగారు నిన్ను? పోయినాయన తిరిగొస్తాడా?"

"మీటరు కిందపడ్డాక దీంతో పెట్టినవన్నీ జనాల ఇళ్ళల్లో ఉన్నాయే, రత్నం. ఇప్పుడు కూడా ఎవరో ఒకరు ఛార్జింగు పెట్టే ఉంటారు."

"అయితే ఊరికే సర్వీసు చేస్తానని తెచ్చుకో. కారణం ఎందుకు చెప్పడం? రేపట్నుంచి నా బుట్ట దగ్గరికి ఎవరొస్తారయ్యా?"

ఆ మాటే బాగుందనిపించింది కాశీరావుకి. ముందు మీటరు మూత విప్పి, బియ్యపుగింజంత మర తిప్పాడు. పది అయింది. ఎంత తేలిగ్గా అయిందో! సంచీ తీసుకుని బయల్దేరాడు.

మొదట సంపూర్ణమ్మ ఇల్లు. దోసెల పిండి ప్యాకెట్లు స్కూటరు మీద తిరిగి అమ్ముతుందామె. యాభై దాటాక నేర్చుకుంది బండి. వరండాలో ఛార్జరు ఎర్రలైటుతో వెలుగుతోంది. పక్కనే చాప మీద ఆమె కూతురు పసిబిడ్డని పడుకోబెట్టుకుని ఉంది.

"పిన్నిగారూ, ఛార్జరు ఒకసారి చూసిస్తానండీ. డబ్బులేం వద్దు."

"ఇప్పుడా? సాయంత్రం పిండి ఎట్టా తిప్పను, నా నెత్తినెట్టుకునా? బాగానే పనిచేస్తందిలే. వచ్చే ఆదివారం రా."

"ఇప్పుడే కావాలండీ."

"ఏంటయ్యా నీ తొందర? ఊరికే చేసేవాడికి ఇంత ఆత్రమేంటి?" అని నవ్విందామె.

కాశీరావు బ్యాటరీ మీద చెయ్యి పెట్టాడు. వేడిగా ఉంది. చాప మీద బిడ్డ నిద్దట్లో పెదాలు చప్పరించింది. ఇంకో అబద్ధం వెతుక్కున్నాడు, దొరకలేదు.

"పిన్నిగారూ, జయపాల్ గారింట్లో తగలబడింది నా ఛార్జరు వల్లే. ఇదీ దాంతోపాటు చేసిందే. తీసెయ్యండి."

సంపూర్ణమ్మ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, ఏం చెయ్యాలో తెలియనట్టు. తర్వాత ఒక్క గుంజు గుంజి ప్లగ్గు పీకింది. కూతురు బిడ్డని ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తింది. ఛార్జరు అతని సంచీలో పడేసి, "పో" అంది సంపూర్ణమ్మ.

కబురు అతనికంటే ముందే వీధులు దాటింది. రెండో ఇంటి దగ్గర తలుపు తట్టే పని లేకపోయింది. మెట్టు మీద ఛార్జరు పెట్టేసి ఉంది, తలుపు మూసేశారు. మూడో ఇంట్లోనూ అంతే. ఒక కిటికీలోంచి ఎవరో తిట్టారు. ఆ తిట్టు కొంత నయమనిపించింది. సంచీ బరువెక్కింది. వంగడం, తీసుకోవడం, నడవడం.

చివరికి యేసుకుమార్ ఇల్లు. గోడలింకా నల్లగానే ఉన్నాయి. యేసుకుమార్ గడపలో కూర్చున్నాడు. అతని ఒళ్ళో, కరిగి ముద్దయిన ఛార్జరు.

"నిజమేనా కాశన్నా?"

"నిజమే."

"అందరి ముందూ అన్నానే, నీ చేత్తో చేసిందని."

కాశీరావు నిలబడే ఉన్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. యేసుకుమార్ కొట్టలేదు. గడపలో కొంచెం పక్కకి జరిగాడు.

"కూర్చో. మొదట్నించీ చెప్పు. మా నాన్న ఎట్టా పోయాడో నాకు తెలియాలి."

కాశీరావు సంచీ దించి కూర్చున్నాడు. మొదలంటే ఎక్కడ? ఉప్పు ప్యాకెట్టు ఊసు నాలిక చివరిదాకా వచ్చింది. రేపు పొద్దున కాటా ముందు కూర్చోవలసిన మనిషి గుర్తొచ్చింది. ఆ ఊసు మింగేశాడు.

"మీటరు కింద పడింది, యేసూ" అని మొదలుపెట్టాడు. "నేనే పడేశాను."