లప్పం పెట్టిన కొట్టం

మా ఇంటి వెనక పశువుల కొట్టం ఉంది. చిక్కడపల్లిలో పశువుల కొట్టమా అని నవ్వేవాళ్లు నవ్వనీ, ఏడాదిగా అందరి చేతా నవ్వించుకుంటూనే ఉన్నాను. మా తాత బర్రెలను పెట్టుకుని ఇటు గాంధీనగర్‌కు, అటు బర్కత్‌పురకు పాలు పోసిన రోజుల్లో కట్టించింది అది. అంతా టేకు. ఇనుప మేకు ఒక్కటి లేదు. దూలాన్ని స్తంభంలోకి దూర్చి కట్టె చీల కొట్టారు. బర్రెలు పోయి చాలా కాలమైంది. ఇప్పుడక్కడ మా పై వాటాలో కిరాయికి ఉండి అశోక్‌నగర్‌లో కోచింగ్‌కు పోయే పిల్లల బైకులు ఉంటాయి.

ఏ కోటను ఏ రాజు కట్టించాడో ఆ పిల్లలను నిద్రలో లేపి అడిగినా చెప్తారు. బండి ఆనించే స్తంభం వైపు మాత్రం కన్నెత్తి చూడరు. ఒకసారి చూపించబోతే, "మేడమ్, ఇది సిలబస్‌ల లేదు" అన్నారు. ఒళ్లు మండింది నాకు.

అసలు గొప్పతనమంతా ఆ స్తంభాల్లోనే ఉంది. బర్రెలు మెడలు రుద్దుకుని రుద్దుకుని, నడుమెత్తున టేకు లోపలికి అరిగి నున్నటి గుంటలు పడ్డాయి. అరచెయ్యి ఆనిస్తే చక్కగా ఇముడుతుంది. అడుగున పలుపుతాళ్లు కోసిన గాడులు. ఈ పేటలో మనుషులు పాలు పోసి బతికారని చెప్పడానికి ఇంకేం మిగిలింది? నవాబుల దర్వాజాలకేనా చరిత్ర, బర్రెలకు ఉండదా? నేనిలా మొదలుపెట్టగానే మా అన్న టీవీ సౌండ్ పెంచేవాడు.

అన్న ఇంటిని బిల్డరుకు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఇల్లు పోతే పోయింది, కొట్టం ఉంచమని నా పట్టు. పోట్లాడి పోట్లాడి విసిగి చివరికి ఓ మాటన్నాడు.

"పాత కట్టడాలు చూసేటోళ్లు ఉన్నరంటివి గద, పిలువు. ఇది విలువైందని వాళ్లంటే కొట్టం వదిలేసి కట్టమంట. లేదంటే మల్ల నా పానం తియ్యొద్దు."

పాత కట్టడాలను గుర్తించే ఒక సంఘం వెంట పడ్డాను. కోటలూ కమాన్లూ అయితే చెప్పండి, పశువుల పాకలు మా పని కాదని విసుక్కున్నారు. ఫోన్ మీద ఫోన్ చేస్తే ఒక పెద్దావిడ వచ్చి చూస్తానంది. ఆ వారమే నేను కరీంనగర్‌లో చుట్టాల పెళ్లికి పోవాలి. "ఆమె చూడనీకి వస్తున్నదన్నా, బైకులు తీపిచ్చి జర ఊడ్పియ్యి, చాలు" అని చెప్పి వెళ్లాను.

ఆమె వచ్చేదీ, నేను తిరిగొచ్చేదీ ఒకే రోజు. బస్సు దిగి సంచీతోనే నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర ఆమెను కలిసి ఆటో ఎక్కించాను. దారి పొడుగునా మెడ గుంటల గురించే చెప్పాను. "నేను చూడాల్సింది అవేనమ్మా" అంది ఉత్సాహంగా.

గేటు తీయగానే టర్పెంటైన్ వాసన కొట్టింది. కొట్టానికి మామిడాకుల తోరణం. స్తంభాలు చాక్లెట్ రంగులో తళతళలాడుతున్నాయి. గుంటలు లేవు. వాటి నిండా లప్పం పెట్టించి, ఉప్పు కాగితంతో రుద్దించి, పైన ఎనామిల్ పెయింట్ కొట్టించాడు మహానుభావుడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని నవ్వుతూ ఎదురొచ్చాడు.

మా ఇళ్లలో ఎవరైనా చూడటానికి వస్తున్నారంటే అంతే. పిల్లకు పౌడరు, గోడకు సున్నం. ఉన్నదున్నట్టు చూపిస్తే పరువు పోతుంది.

ఆమె స్తంభాన్ని పైనుంచి కిందిదాకా చూసింది. వేలితో తట్టింది.

"బాగుంది. ఎప్పుడు కట్టించారు?"

నా ఫోన్‌లోని పాత ఫొటోలు చూపించాను. "వీటిలో ఉన్నది ఇప్పుడిక్కడ లేదు కదమ్మా" అంది మెత్తగా. చాయ్ తాగి, అన్న మర్యాదను మెచ్చుకుని వెళ్లిపోయింది.

ఆటో గల్లీ దాటకముందే అన్న మీద పడ్డాను. "లప్పం ఎవరు పెట్టమన్నరు నిన్ను?"

"నీ కోసమే గదనే చేపిచ్చిన!" అన్నాడు, నిజంగానే పరేషాన్ అయిపోయి. "గా గుంటలు జూస్తే చెద పట్టిందనుకోదా ఆమె?"

ఏడాది పొడుగునా అడ్డుపడ్డ మనిషి మొదటిసారి నా వైపు నిలబడి చేసిన పని అది. నోరారా తిట్టడానికి కూడా లేకుండా చేశాడు. ఏడుపొచ్చింది.

చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. కుడితి తొట్టి వెనక, మూల స్తంభం అడుగుకు బ్రష్ అందలేదు. అక్కడ ఒక్క గాడి మిగిలింది. వేలు పెట్టమన్నాను. వంగి పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

"ఇది ఒంటికొమ్ము బర్రెది" అన్నాడు. "నేను బడికి పోతుంటె తాడు గుంజుకుంట ఒర్రేది." లేచి, మెరుస్తున్న మిగతా స్తంభాల వైపు చూశాడు. "ఇవన్ని గట్లనే ఉండెనా?"

"ఉండెనన్నా."

దసరా పోగానే బిల్డరు మనుషులు వస్తారు. అన్న పొద్దున్నే ముక్కాలి పీట వేసుకుని కూరగాయల కత్తితో స్తంభాలు గీకుతున్నాడు. గుంటలు బయటపడ్డాక ఆమెను మళ్లీ పిలవాలట. లప్పం రాయిలా గట్టిపడింది. పెచ్చు ఊడినప్పుడల్లా దానితోపాటు ఆ నున్నటి టేకు కూడా పేళ్లుపేళ్లుగా లేచి వస్తోంది. ఆపమంటే ఆపడు.