మనిషి వేటలో ఉండగా

మా అమ్మ ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మిన మనిషి. మోకాళ్లు మొరాయించాక సీతమ్మధారలో మా ఫ్లాట్‌కి తెచ్చుకున్నాను. మూతి ముడుచుకునే వచ్చింది. ఇక్కడ చేపల వాసన రాదట, మనుషుల అరుపులు వినపడవట, ఇదేం బతుకట. తమ్ముడు మాత్రం ఇంకా మరబోటు మీద చేపల వేటకు పోతాడు. వాడు మళ్లీ ఒడ్డెక్కేదాకా మాకు ప్రాణం కుదురుగా ఉండదు.

అమ్మకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. పగలంతా నేనూ మా ఆయనా ఉద్యోగాల్లో ఉంటాం. అందుకని ఆయన మధురవాడ ఆఫీసులో ఎవరో చెప్పారని ఒక మాట్లాడే పెట్టె తెచ్చి అమ్మ మంచం పక్కన పెట్టాడు. తెల్లవారగానే అది, అమ్మగారూ ఎలా ఉన్నారు, ఎక్కడైనా నొప్పిగా ఉందా అని అడుగుతుంది. జవాబునూ గొంతునూ బట్టి మనిషి ఎలా ఉందో తనే అంచనా కట్టి నా ఫోనుకు పంపుతుంది. పచ్చచుక్క వస్తే బాగున్నట్టు, ఎర్రచుక్క వస్తే పరుగెత్తమన్నట్టు. రోజూ వింటూ అమ్మ గొంతును అదే నేర్చుకుంటుందని అమ్మినవాళ్లు గొప్పగా చెప్పారు.

రోజూ పచ్చచుక్కే. మొదట్లో హాయిగా ఉండేది. పోనుపోను ఆ చుక్క మీద నాకు నమ్మకం పోయింది. ఎందుకంటే అమ్మ చేతిలోంచి గ్లాసు జారుతోంది. పట్టుకున్న కంచం ఒరిగిపోయి ముద్ద ఒడిలో పడుతోంది. ఏమైందమ్మా అంటే ఎడమ చెయ్యి పైట కింద దాచుకుని, ముసలి చేతులు పట్టు తప్పక ఇంకేం చేస్తాయని నన్నే ఎగతాళి చేసేది. డాక్టరు దగ్గరికి పోదామంటే, పెట్టె బాగుందని చెబుతోంది కదా, దానికంటే నీకెక్కువ తెలుసా అనేది. మా ఆయనదీ అదే పాట. నాకు ఒళ్లు మండిపోయేది. కానీ ఆ పచ్చచుక్కతో ఎంతకని వాదిస్తాం?

ఆ విడత తమ్ముడు చాలా రోజులకు ఒడ్డుకొచ్చి, కోనాం చేప సంచితో నేరుగా మా ఇంటికే వచ్చాడు. అమ్మ గుమ్మంలోనే పలకరించింది. వాడు సంచి కింద పెట్టేసి నా వైపు తిరిగాడు.

"అప్పా, అమ్మ మాటేటి ఇలగైపోనాది? మూతి పక్కకి పోతంది, నీకు కనబడ్డం నేదా?"

కనబడలేదు. రోజూ చూసే మాకూ, రోజూ వినే పెట్టెకూ, కొంచెం కొంచెంగా మారిన ఆ గొంతే అమ్మ గొంతైపోయింది.

పక్షవాతం చిన్నచిన్నగా కొన్నాళ్లనుంచీ తాకుతోందన్నారు ఆసుపత్రిలో. తిమ్మిరీ తలనొప్పీ ఆమెకు తెలియకుండా ఉండవన్నారు. ఈసారి పెద్దది వస్తే మా చేతుల్లో ఉండదన్నారు. నేను ఆగలేకపోయాను. అది రోజూ అడుగుతుంటే ఎందుకు చెప్పలేదని అమ్మ మీద అరిచేశాను. అమ్మ నన్నో వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

"నీ తమ్ముడు అప్పుడు సముద్రం మీదున్నాడు. పొద్దున్నే బాగోనేదని నోటంట ఎలగనమంతావే?"

మా జాలర్ల పేటలో అంతే, ఫ్లాట్ల బతుకులో పడి నేనే మరిచిపోయాను. మనిషి వేటలో ఉన్నన్నాళ్లూ తెల్లవారుతూనే ఇంటి ఆడది చెడ్డ మాట పలకదు. జ్వరంతో మూలుగుతున్నా, పొయ్యి వెలిగించకపోయినా, ఎవరడిగినా బాగుందనే చెబుతుంది. ఆ మాట అలలమీద వాడికి తగులుతుందని భయం. ఇది పెట్టెకు ఎవరు నేర్పుతారు? అది ప్రతి తెల్లవారుజామునా అదే అడిగింది, అమ్మ ప్రతిసారీ కొడుకు ప్రాణం కోసం అదే చెప్పింది.

ఇంటికి రాగానే పెట్టె వైరు నేనే పీకేశాను. తమ్ముడికి మళ్లీ వేటకు వెళ్లక తప్పలేదు. ఇప్పుడు తెల్లవారితే నేనే అమ్మ పక్కన కూర్చుని అడుగుతున్నాను. ఈ ఉదయం ఆమె ఎడమ చెయ్యి నా చేతిలో బరువుగా, చల్లగా ఉంది. మూతి నిన్నటికంటే ఇంకాస్త పక్కకు పోయిందేమో, నా భయమో తెలియలేదు. తమ్ముడి మీద ఒట్టు, నిజం చెప్పమ్మా అని బతిమాలాను.

అమ్మ సముద్రమున్న దిక్కుకు చూసింది. ఒక్కో అక్షరం కూడదీసుకుని, "బాగున్నానే" అంది.

తమ్ముడి బోటు తిరిగి రావడానికి ఇంకా చాలా రోజులున్నాయి.